దుఃఖానికి ఒక పూట

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



వంటిల్లు సర్దుకొని, గిన్నెలు బోర్లించి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు మనసు బరువెక్కే సంగతి ఎందుకు ఎత్తుకున్నాననిపించవచ్చు. కానీ ఇది ఈనాడు మన ఇళ్ళల్లో చాలామందికి ఎదురవుతున్నదే. వృద్ధాశ్రమంలో ఉంటున్న మన పెద్దవాళ్ళు తాము పోగొట్టుకున్నవాటిని ఎట్లా తట్టుకుంటున్నారు, అందులో మనం చేయదగిందేమైనా ఉందా అన్నది ఈరోజు మీతో ముచ్చటించాలనుకుంటున్నాను.

వృద్ధాశ్రమం అనే మాట వినపడగానే మనలో చాలామంది వెంటనే తీర్పు చెప్పేస్తారు. “కడుపున పుట్టినవాళ్ళు గాలికి వదిలేశారు పాపం” అంటారు. అట్లాంటి ఇళ్ళు లేవని నేను అనను. అయితే వేరే ఇళ్ళు కూడా ఉన్నాయి. అందులో మాది ఒకటి. అందుకే తీర్పు జోలికి పోకుండా మా ఇంటి సంగతే చెబుతాను.

మా మేనత్తది కర్నూలు పాతబస్తీ. 2021లో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక్కడే కొడుకు. బెంగుళూరులో చిన్న ఉద్యోగం, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, లిఫ్టు లేదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఎనిమిదికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తారు. నా దగ్గర పెట్టుకుందామంటే మా అత్తగారు అప్పటికే మంచం పట్టి ఉన్నారు. మా నాయనకు తన పని తాను చేసుకోవడమే కష్టంగా ఉండేది. నెల రోజులు అందరం తర్జనభర్జన పడి, చివరికి కర్నూలు శివార్లలో ఉన్న ఒక ఆశ్రమంలో చేర్పించాము. చేర్పించింది నేనే. ఆమె పెట్టె మోసుకొని లోపలికి పోయింది నేనే. ఆ రోజు ఆటోలో ఇంటికి తిరిగి వస్తూ నేను పడిన బాధ మీకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలి. 1952 కరువులో తొమ్మిదేళ్ళ పిల్లగా చెంబు పట్టుకొని గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడింది. 2005లో మా మామ పోతే, చేయవలసిన దినాలన్నీ చేయించి, మూడోనెల నుంచి వడియాలు పెట్టి అమ్ముకుంటూ ఇల్లు నడిపింది. 2009 అక్టోబరు 2న వచ్చిన వరద సంగతి కర్నూలు వాళ్ళెవరూ మరిచిపోలేరు. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చిన వరద అది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీని ముంచేశాయి. మా అత్త రెండు రాత్రులు పక్కింటివాళ్ళ మేడ మీద గడిపింది. నీళ్ళు తీసినాక చూస్తే ఇంట్లో మోకాలి లోతు బురద. పెళ్ళి ఫోటో, పట్టుచీరలు, బియ్యం మూట, అన్నీ పోయినాయి. కొంగు నడుముకు చెక్కి, చేటతో బురద ఎత్తి పోసింది. కంట నీరు పెట్టలేదు.

అట్లాంటి మనిషి ఆశ్రమానికి పోయిన మూడోనెలలో ఒక ఇత్తడి చెంబు కనపడలేదని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మేనేజరు గారు ఫోను చేస్తే పరుగెత్తుకొని పోయాను. “చెంబే కదత్తా, స్టీలువి పది తెచ్చిస్తాలే” అన్నాను. ఆమె నా మొహం చూడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. నాకు కోపం కూడా వచ్చింది. ఇంత వయసొచ్చి చిన్నపిల్లలా మొండితనమేమిటి అనుకున్నాను. బయటికి వస్తుంటే అక్కడ పని చేసే ఆయమ్మ నన్ను ఆపి, “అమ్మా, కొత్త చెంబు తెస్తామంటారు గానీ, ఆ పాత చెంబు ఎక్కడిదని ఎవరూ అడగలేదమ్మా” అన్నది.

వెనక్కి పోయి అడిగాను. గంటసేపు చెప్పింది. గంజి కేంద్రానికి పట్టుకొని పోయిన చెంబు అదేనట. పుట్టింటి నుంచి కాపురానికి తెచ్చుకున్నది. వరద తీసినాక బురదలో కాలికి తగిలి బయటపడ్డది. “ఇల్లు పొయ్యింది, సామాను పొయ్యింది, ఇదొక్కటీ నన్ను ఇడిసిపెట్టలేదనుకుంటి పాపా” అన్నది. అప్పుడు ఏడ్చింది, వరదలో కూడా ఏడవని మనిషి. ఏడ్చినాక “రవ్వంత మజ్జిగన్నం కలపమను” అన్నది. ఆ చెంబు ఇంతవరకూ దొరకలేదు, ఇక దొరకదు కూడా. కానీ ఆ సాయంత్రం నేను ఒక సంగతి తెలుసుకున్నాను.

మన ఇంట్లో ఒక వస్తువు పోతే దాని చుట్టూ ఇంకా వంద వస్తువులుంటాయి. ఒక పనిలో బాధపడితే ఇంకో పని చేయి పట్టుకొని లాగుతుంది. పాలు పొంగుతాయి, కుక్కరు కూస్తుంది, పిల్లలు పిలుస్తారు. ఆశ్రమంలో మనిషికి ఒక మంచం, ఒక పెట్టె, గోడకొక మేకు. ఏ పూట ఏం తినాలో, దీపం ఎప్పుడు ఆర్పాలో, టీవీలో ఏది చూడాలో ఇంకొకరు నిర్ణయిస్తారు. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ముప్పైమందిని సంబాళించాలంటే అట్లాగే చేయాలి. కానీ చిన్నప్పటి నుంచి ఇల్లు తన చేతిమీదుగా నడిపిన ఆడమనిషికి అది ఎట్లా ఉంటుందో ఆలోచించండి. చాకలికి వేసిన చీర వేరేవాళ్ళ ఒంటిమీద కనపడుతుంది. కండ్లద్దాలు తారుమారవుతాయి. చెవి మిషనుకు బ్యాటరీ అయిపోతే తెచ్చేవాళ్ళు వారం దాకా రారు. జొన్నరొట్టె, ఊరిబిండి తినాలని ఉంటుంది, పళ్ళు లేవు కదా అని అందరికీ ఇడ్లీయే పెడతారు. ఆదివారం వస్తానన్న మనవడు రాడు. వినడానికి ఇవన్నీ చిల్లర విషయాలే. వెనక ఉన్న పెద్ద దుఃఖాలన్నీ ఈ చిల్లర విషయాలను ఆసరా చేసుకొని బయటికి వస్తాయి. చెంబు గురించి ఏడ్చే మనిషిని చెంబు గురించే ఏడవనివ్వాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది.

మా అత్త పక్క మంచంలో ఒక పెద్దావిడ ఉండేది. ఆమెది కడప. మా అత్త ఆమెను “వదినా” అని పిలిచేది. ఏ చుట్టరికమూ లేదు, కలుపుకున్న వరస అది. ఇద్దరికీ ఫాను దగ్గర రోజూ తగవే, ఈమెకు గాలి కావాలి, ఆమెకు చలి. తగవు తీరినాక ట్రాన్సిస్టరు పెట్టుకొని ఇద్దరూ వినేవాళ్ళు. ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైంది కదా, అప్పటి నుంచీ వింటున్నానని ఆమె గొప్పగా చెప్పుకునేది. రథసప్తమి వస్తే దేవుని కడప తేరు గురించి, ఉగాదికి ఆ గుడికి ముస్లిములు కూడా వచ్చి దండం పెట్టుకొనిపోవడం గురించి కథలు కథలుగా చెప్పేది. అట్లా రెండేళ్ళు గడిచాయి.

2023లో ఒక తెల్లవారి మా అత్త లేచి చూస్తే పక్క మంచం ఖాళీ. పరుపు చుట్టి పెట్టి ఉంది. అడిగితే “ఆస్పత్రికి తీసుకుపోయినారవ్వా” అన్నారు. సాయంత్రానికి ఆ మంచంలోకి కొత్త మనిషి వచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఎవరో మాటల్లో నోరు జారితే తెలిసింది, ఆమె ఆ రాత్రే పోయిందని. అక్కడివాళ్ళు దురుద్దేశంతో దాచలేదు. పక్క మంచం మనిషి పోయిందంటే మిగతావాళ్ళు బెంబేలెత్తిపోతారని వాళ్ళ భయం.

నేను ఫోనులో నాకు తెలిసిన ఓదార్పు మాటలే చెప్పాను. “పెద్ద వయసు కదత్తా, మంచం పట్టకుండా సుఖంగా పోయింది, పుణ్యాత్మురాలు” అన్నాను. దానికి మా అత్త ఏమన్నదో చెబుతాను. “మీ మామ పోయినప్పుడు పదకొండు దినాలు ఇల్లంతా జనమే పాపా. వచ్చినోళ్ళంతా నా చెయ్యి పట్టుకొన్యారు. వదిన పోతే నాకు ఒక్క పూటన్నా ఇయ్యలేదు. ఏమ్మే, ఆమె నాకేం కాదా?”

నా దగ్గర జవాబు లేదు. మనకు మైల ఉంది, పదకొండో రోజు ఉంది, పరామర్శ ఉంది. అవన్నీ రక్తసంబంధానికే. ఆశ్రమంలో కలుపుకున్న వదినకు ఏ దినమూ లేదు. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ ఈ సంగతి విని, దీని గురించి పెద్దవాళ్ళు పుస్తకాలే రాశారని చెప్పింది. అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆయన 1989లో ఈ రకం దుఃఖానికి ఒక పేరే పెట్టారట. లోకం గుర్తించని దుఃఖం, ఏడ్చే హక్కు ఇవ్వని దుఃఖం అని దాని భావం. అది లోపలే ఉండిపోయి మనిషిని కుంగదీస్తుందట. మా అత్త తన మాటలో చెప్పిందీ అదే.

నేనూ, ఇంకొకావిడ కూతురూ కలిసి పోయి మేనేజరు గారితో మాట్లాడాము. ఆయన మొదట ఒప్పుకోలేదు. “రోజూ ఇదే గుర్తు చేస్తే వీళ్ళు నిద్రపోతారా అమ్మా?” అన్నారు. ఒక్కసారి చూద్దామని బతిమాలాము. ఆ శుక్రవారం సాయంత్రం హాల్లో దీపం పెట్టి, రాదలచుకున్నవాళ్ళను రమ్మన్నాము. పదిమంది వస్తారనుకుంటే ఇరవైకి పైనే వచ్చారు. మా అత్త ఫాను తగవు గురించి చెప్పింది. అందరూ నవ్వారు, తర్వాత ఏడ్చారు. ఇంకో అవ్వ తన ఊరి గురించి చెప్పింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద, 1981 ప్రాంతంలో, వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు కదా, అందులో ఆమె ఊరొకటి. “ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటికొస్తాది. గుడి వస్తాది గానీ మా ఊరు రాదు. ఇన్నేండ్లకు ఇయాల అడిగినారు నన్ను, మీ ఊరు ఎట్లుండె అని” అన్నది. ఆ రాత్రి ఎవరూ బెంబేలెత్తలేదు. అందరూ నిద్రపోయారని మరునాడు ఆయమ్మ చెప్పింది.

అప్పటి నుంచి ఆ ఆశ్రమంలో ఎవరైనా పోతే ఒక రోజంతా ఆ మంచం ఖాళీగా ఉంచుతున్నారు. సంగతి దాచకుండా చెబుతున్నారు. సాయంత్రం దీపం పెడుతున్నారు. దీనికి ఖర్చు ఏమీ లేదు, ఒక వత్తి, కాస్త నూనె.

ఇంత నేర్చుకున్న నేను మళ్ళీ అదే తప్పు చేశాను. అది చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం ఉండదు.

2024లో మా నాయన పోయారు. మా అత్తకు తోడబుట్టిన తమ్ముడు. బంధువులంతా కూర్చొని, “ముసలామెకు బీపీ, గుండె బలహీనం, ఇప్పుడు చెప్పొద్దు” అన్నారు. నేను సరేనన్నాను. దినాలన్నీ అయ్యేవరకూ రోజూ ఫోను చేసి మామూలుగా మాట్లాడాను. “నాయన ఎట్లుండాడు?” అని ఆమె ఒకసారి అడిగితే, “బాగానే ఉన్నాడత్తా” అన్నాను. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

పదమూడో రోజు ఆశ్రమానికి పోయాను. నేను నోరు తెరవకముందే ఆమె తన మంచం మీద చెయ్యితో తట్టి, “ఈడ కూచో” అన్నది. కూర్చున్నాను. “మొదటి దినమే నీ గొంతులో తెలిసింది పాపా. నువ్వే చెప్తావులే అని చూస్తా ఉండా” అన్నది. పదమూడు రోజులు, సోదరీమణులారా, ఆమె ఒక్కతే తమ్ముడి కోసం ఏడ్చింది. పక్కన ఎవరూ లేరు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె ఏడవకూడదు. నేనేమో వచ్చినవాళ్ళకు కాఫీలు ఇస్తూ, అమ్మను చూసుకుంటూ ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. ఆ మంచం మీద, ఆమె ఒడిలో తల పెట్టి నేను ఏడ్చాను. మా నాయన చిన్నప్పుడు చేసిన అల్లరి అంతా చెబుతూ ఆమె నా తల నిమిరింది.

ఆమె గుండె బలహీనమనుకున్నాము. ఆ రోజు గుండె నిబ్బరం ఎవరికి ఉన్నదో మీరే చెప్పండి. మన పెద్దవాళ్ళు ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన మన దగ్గర తీసుకునేవాళ్ళుగా మాత్రమే మిగిలిపోరు. వాళ్ళ దగ్గర మనకు ఇవ్వడానికి ఇంకా చాలా ఉంది. దుఃఖాన్ని దాచితే, వాళ్ళు మనల్ని ఓదార్చే అవకాశం కూడా మనమే లాగేసుకున్నట్టు.

ఇక మన ఇంటి ఆడవాళ్ళు చేయదగిన పనులు కొన్ని చెబుతాను. అన్నీ నేను దెబ్బ తిని నేర్చుకున్నవే.

పోయే రోజు ఒకటి ఖాయం చేసుకోండి. వారానికి ఒకసారి వీలు కాకపోతే నెలకు ఒకసారైనా సరే, ఆ రోజు తప్పవద్దు. తప్పేటట్లయితే ముందురోజే ఫోను చేసి చెప్పండి. గేటువైపు చూస్తూ కూర్చోవడం ఏ జబ్బు కన్నా కష్టం.

చీర అంచుకు, రవికె మెడకు లోపలివైపు రంగుదారంతో పేరులో మొదటి అక్షరం కుట్టండి. కండ్లద్దాల పెట్టెలో పేరు చీటీ పెట్టండి. వీలైతే రెండో జత చేయించి ఆఫీసు గదిలో ఇచ్చి ఉంచండి. చెవి మిషను బ్యాటరీలు రెండు నెలలకు సరిపడా ఒక్కసారే తీసిపెట్టండి. పోయిన తర్వాత ఓదార్చడం కన్నా పోకుండా చూడడం సులభం.

వాళ్ళ పెట్టె మీరు సర్దవద్దు. “ఈ పాత గుడ్డలెందుకు” అని పారేయవద్దు. అడిగి తీయండి. అడిగితే ఒక్కొక్క గుడ్డకూ ఒక కథ ఉంటుంది.

చేతిలో కాస్త డబ్బు ఉండనివ్వండి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలు చేశారు. పింఛను వచ్చేవాళ్ళయితే, ఆశ్రమం ఖర్చులకు ఇచ్చినా ఒక రెండు వందలు వాళ్ళ కొంగున కట్టుకోనివ్వండి. ఆయమ్మ బిడ్డకు పుట్టినరోజున పది రూపాయలు ఇవ్వగలగడం వాళ్ళకు ఎంత నిండుదనమో చూస్తే గానీ తెలియదు.

ఏదో ఒక పని వాళ్ళ చేతుల్లో ఉండేటట్లు చూడండి. ఇందులోనూ ఒక సంగతి చెప్పాలి. 1976లో అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మహిళలు ఒక వృద్ధుల నివాసంలో పరిశీలన చేశారు. ఒక అంతస్తులోవాళ్ళకు పూలమొక్కలు ఇచ్చి, వాటిని మీరే చూసుకోండి, మీ రోజు ఎట్లా గడపాలో మీరే ఎంచుకోండి అన్నారు. ఇంకో అంతస్తులోవాళ్ళకూ మొక్కలిచ్చారు, కానీ నీళ్ళు పోయడం, చూసుకోవడం నర్సులే చేస్తారన్నారు. కొద్దివారాల్లోనే మొదటివాళ్ళు ఎక్కువ హుషారుగా, చురుకుగా కనిపించారట. ఇది చదువుకున్న డాక్టరమ్మ చెబితే మా అత్త నవ్వి, “దీనికి అమెరికా దాకా పోవల్నా” అన్నది. ఆమె ఇప్పుడు ఆశ్రమం దేవుడిగదికి కావలసిన వత్తులన్నీ చేస్తుంది. చలికాలంలో శెనిక్కాయలు ఒలుస్తుంది. పెద్దవాళ్ళతో పని చేయిస్తున్నారని లోకం అంటుందేమోనని మేనేజరు గారు మొదట జంకారు. ఇష్టమున్నవాళ్ళు, ఇష్టమైనంతసేపు అనేసరికి ఆ ఇబ్బంది తీరింది.

ఇంటి సంగతులు, మంచివీ చెడ్డవీ, వాళ్ళకు చెప్పండి. చావుకబురయితే ఫోనులో కాకుండా పక్కన కూర్చొని, చేయి పట్టుకొని చెప్పండి. గుండెజబ్బు ఉంటే డాక్టరును అడిగి, ఆయన చెప్పిన జాగ్రత్త తీసుకొని చెప్పండి. చెప్పడం మాత్రం మానవద్దు.

ఇక నిజంగానే నిరాదరణకు గురైనవాళ్ళ కోసం ఒక మాట. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్.డి.ఓ. గారి దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, వకీలు అవసరం లేదు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకొని చూడకపోతే ఆ రాత రద్దు చేయించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. సలహా కోసం 14567 అనే నంబరు ఉంది. ఫోను చేయడానికి డబ్బులు పడవు. ఈ నంబరు మీ వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. మీకు కాకపోయినా వీధిలో ఎవరికైనా పనికొస్తుంది.

మొన్న ఆశ్రమానికి పోయినప్పుడు మా అత్త కొత్తగా చేరిన ఒకావిడ పక్కన కూర్చొని ఉంది. ఆ కొత్తావిడ ముక్కుపుడక ఎక్కడో పడిపోయిందని ఏడుస్తోంది. “ఇంకోటి చేయిస్తారులే అవ్వా” అని ఎవరో అంటున్నారు. మా అత్త ఆమె చేయి పట్టుకొని మెల్లగా అడుగుతోంది, “ఆ పుడక ఎవురు పెట్టినారమ్మా నీకు? మీ అమ్మనా?”

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నేను తీసుకుపోయిన ఉగ్గాని డబ్బాలో చల్లారిపోయింది. పోనీలెమ్మని అక్కడే నిలబడ్డాను.